1991 మియాటా: టైమింగ్ బెల్టు మార్చబోతే క్రాంక్ ముక్కు దగ్గర పని ఆగింది, సలహాలు కావాలి

ప్లేనో_గరాజ్ | 1

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా నా దగ్గరున్న 1991 మాజ్డా మియాటా (మడిచే టాప్ ఉన్న రెండు సీట్ల కారు) ఇప్పుడు ఇంటి గరాజ్‌లో స్టాండ్ల మీద ఉంది. 1.6 లీటర్ల ఇంజను, ఐదు గేర్ల మాన్యువల్, ఎరుపు రంగు. ఓడోమీటరు 1,18,400 మైళ్లు చూపుతోంది. వాల్వులు తెరిచే క్యామ్‌లను క్రాంక్‌తో కలిపి తిప్పే టైమింగ్ బెల్టును 60,000 మైళ్లకు ఒకసారి మార్చాలి కాబట్టి, రేడియేటరు నీళ్లు తీసేసి, వాల్వ్ కవరు, బెల్టు మీది ప్లాస్టిక్ కవర్లు విప్పి, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు కొసన, అంటే ముక్కున, ఉన్న బోల్టు దాకా వచ్చాను. రశీదుల ప్రకారం పాత యజమాని 61,000 మైళ్ల దగ్గర ఒక షాపులో బెల్టు వేయించారు.

బోల్టు ఊహించినదానికంటే చాలా తేలికగా వచ్చేసింది. బోల్టు తీశాక పుల్లీ బాస్‌ను, అంటే దాని మధ్య దిమ్మను, చేత్తో పట్టుకుని తిప్పితే, క్రాంక్ కదలకుండానే అది ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ ఆడుతోంది. బాస్‌ను క్రాంక్ మీద సరైన కోణంలో ఉంచే చిన్న లోహపు ముక్క కీ. దానికి, క్రాంక్ మీది గాడి గోడకు మధ్య 0.25 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ దూరుతోంది. ఆరు నెలలుగా బండి ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదని అనుకుంటూనే ఉన్నాను. ప్లగ్గు ఎప్పుడు మండిస్తుందో చూపే టైమింగ్ లైటు పెట్టి చూస్తే, పుల్లీ మీది గుర్తు ఒక నెల 10 డిగ్రీల దగ్గర, మరో నెల 14 డిగ్రీల దగ్గర కనిపించేది. ప్రతిసారీ ఆ సమయాన్ని నిర్ణయించే క్యామ్ సెన్సరు తిప్పి 10కి సరిచేస్తూ వచ్చాను, కారణం మాత్రం వెతకలేదు.

ఈ బెల్టు పని అయ్యాక టర్బో పెట్టాలని, బ్రేకులు పెద్దవి చేయాలని అనుకుని కొన్ని భాగాలు కూడా కొన్నాను. ఇప్పుడు అసలు ఈ క్రాంక్ పనికొస్తుందా అన్నదే నా మొదటి ప్రశ్న.

డెట్రాయిట్_పానా | 2

ప్లేనో గారూ, పని అక్కడే ఆపి ఇక్కడికి రావడం చాలా మంచిదయింది. ముందుగా ఒక్కటి చూసి చెప్పండి. క్రాంక్ పుల్లీ మధ్యభాగంలో, బోల్టు చుట్టూ కనిపించే గాడులు నాలుగా, ఎనిమిదా? నాలుగు ఉంటే మీది మనవాళ్లు పొట్టి ముక్కు అని పిలిచే క్రాంక్. 1990 మోడల్ కార్లన్నిటికీ, 1991 మోడల్‌లో కొంత భాగానికీ అదే వచ్చింది. తర్వాత వచ్చినవాటిలో ముక్కు పొడవును, బోల్టు పరిమాణాన్ని పెంచారు, వాటికి ఎనిమిది గాడులు ఉంటాయి.

ఇది తేల్చుకోవడం ఎందుకంటే, రెండింటికీ బిగింపు వేరు. పొట్టి ముక్కు బోల్టుకు 80 నుంచి 87 పౌండ్-అడుగులు, అంటే 108 నుంచి 118 న్యూటన్ మీటర్లు. పొడుగు ముక్కుకు 116 పౌండ్-అడుగుల పైమాటే. ఒకదాని లెక్క చూసి ఇంకోదాన్ని బిగించినవాళ్లు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు.

రెండో సంగతి. ఆడుతున్నది మధ్యలోని బాసా, లేక పుల్లీ బయటి వలయమా? ఆ రెంటి మధ్య రబ్బరు ఉంటుంది. ముప్పై ఏళ్ల రబ్బరు పట్టు వదిలి బయటి వలయం జారితే, దాని మీది టైమింగ్ గుర్తు కూడా జారుతుంది. ఆ రెండు రోగాలకూ పైకి కనిపించే లక్షణం ఒక్కటే.

ప్లేనో_గరాజ్ | 3

నాలుగు గాడులే ఉన్నాయి. బాస్ ఆడుతున్న మాట నిజం, అది కంటితో చూశాను, వేలితో తెలిసింది. బయటి వలయం పుల్లీ విడిగా ఉన్నప్పుడు చేతికి కదలడం లేదు, కానీ రబ్బరు మీద నెర్రెలు కనిపిస్తున్నాయి.

బాలానగర్_లేత్ | 4

నేను హైదరాబాద్ బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మీద, మిల్లింగ్ మీద పనిచేసి ఇప్పుడు మా తమ్ముడి షెడ్డులో కొత్త పిల్లలకు పని నేర్పుతున్నాను. మీ కారును నేను ఎప్పుడూ ముట్టుకోలేదు, కానీ కీ, కీవే (కీ కూర్చునే గాడి), షాఫ్టు అన్నవి ఏ యంత్రంలోనైనా ఒకే తీరుగా నడుచుకుంటాయి కాబట్టి నాకు తెలిసినంత వరకు చెబుతాను.

చాలామంది అనుకునేది, పుల్లీని తిప్పే బలమంతా కీ మోస్తుందని. మీ ఇంజనులో ఉన్నలాంటి జోడింపులో అది నిజం కాదు. బోల్టు బిగించినప్పుడు అది కొద్దిగా సాగి, పుల్లీని, టైమింగ్ బెల్టును తిప్పే పళ్ల చక్రాన్ని క్రాంక్ భుజానికి గట్టిగా అదిమిపెడుతుంది. ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే బలాన్ని మోస్తుంది. కీ పని చక్రం ఏ కోణంలో కూర్చోవాలో చూపించడం వరకే. బోల్టు వదులైతే ఆ రాపిడి పోతుంది, అప్పుడు ప్రతి సిలిండరు పేలుడుకూ వచ్చే కుదుపంతా ఈ చిన్న కీ మీద పడుతుంది. నిమిషానికి కొన్ని వేలసార్లు సుత్తితో కొట్టినట్టు గాడి గోడ నలిగిపోతుంది. గాడి పెరిగాక బోల్టు ఇంకా వదులవుతుంది. బోల్టు తేలికగా వచ్చిందని మీరు రాసినప్పుడే నాకు సంగతి అర్థమయింది. 61,000 దగ్గర బెల్టు వేసినవారు బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి వాడి ఉండకపోవచ్చు, లేదా పాత బోల్టునే నూనె తుడవకుండా వేసి ఉండవచ్చు.

ఇక లెక్కకు వద్దాం. ముక్కు వ్యాసార్ధం ఇంచుమించు 15 మిల్లీమీటర్లు అనుకోండి. 0.25ను 15తో భాగించి డిగ్రీల్లోకి మారిస్తే ఒక డిగ్రీకి కాస్త తక్కువ వస్తుంది. మీ గుర్తు మాత్రం నాలుగు డిగ్రీలు జరిగిందని రాశారు. కాబట్టి మిగిలిన మూడు డిగ్రీలకు ఈ గాడి బాధ్యత వహించదు. డెట్రాయిట్ గారు చెప్పిన రబ్బరు జారుడు మీద నాకు అనుమానం గట్టిగా ఉంది. చేతితో తిప్పితే కదలని రబ్బరు వేడెక్కి ఆరువేల చుట్ల మీద తిరిగేటప్పుడు కదలవచ్చు.

అది తేల్చడానికి ఒకటో సిలిండరు ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో పిస్టన్‌ను ఆపే మొద్దు బిగించండి. పాత ప్లగ్గు పింగాణీ తీసేసి, దానిలో గుండ్రని కొస ఉన్న కడ్డీ కూర్చితే సరిపోతుంది. క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా ఒకవైపు తిప్పి మొద్దుకు తగిలినచోట పుల్లీ మీద గీత పెట్టండి, తర్వాత రెండోవైపు తిప్పి మరో గీత పెట్టండి. ఆ రెండు గీతల సరిగ్గా నడుమ ఉన్నదే అసలైన పైస్థానం, అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు. స్ట్రా పెట్టి పిస్టన్ పైకి వచ్చిందో లేదో చూడటం ఇక్కడ చాలదు, ఎందుకంటే పైస్థానం దగ్గర పిస్టన్ రెండు మూడు డిగ్రీల పాటు దాదాపు కదలకుండా ఉంటుంది. స్టార్టరుతో మాత్రం తిప్పవద్దు, పిస్టన్ తల పగులుతుంది.

ఫ్రీమాంట్_ఎర్రబండి | 5

నా అభిప్రాయం వేరుగా ఉంది, దాన్ని సూటిగానే చెబుతాను. నేను 2016లో ఇదే స్థితిలో లోక్‌టైట్ 660 (లోహాల మధ్య ఖాళీ నింపి గట్టిపడే మందు) వేసి, కొత్త కీతో బిగించాను. రెండేళ్లకు మళ్లీ ఆట మొదలయింది. ఆ రెండేళ్లూ ప్రతి దూర ప్రయాణంలో చెవి ఇంజను మీదే ఉండేది, పక్కన కూర్చున్న నా భార్య మాటలు సగం వినిపించేవి కావు. చివరికి 1993 కారు నుంచి పొడుగు ముక్కు 1.6 ఇంజను తెచ్చి మార్చుకున్నాను. ఇంజను ఎలాగూ బయటికి రావాల్సిన రోజు వస్తుంది కాబట్టి, ఆ శ్రమ ఇప్పుడే పడటం మంచిదని నా సలహా.

ఒక జాగ్రత్త. కాలిఫోర్నియాలో ఇంజను మారిస్తే అది కారు మోడల్ సంవత్సరానిదో, తర్వాతిదో అయి ఉండాలి, దానితో వచ్చిన పొగ నియంత్రణ పరికరాలన్నీ ఉండాలి, ఆపైన స్మాగ్ రెఫరీ (పొగ నియమాలు తనిఖీ చేసే అధికారిక కేంద్రం) దగ్గర చూపించి ఆమోదం పొందాలి. నాకు ఆ పనికి రెండు సెలవు రోజులు పట్టాయి. మీ టెక్సాస్‌లో నియమాలు వేరుగా ఉంటాయి.

డెట్రాయిట్_పానా | 6

ఫ్రీమాంట్ గారూ, మీ అనుభవాన్ని తక్కువ చేయడం లేదు. ఒక్కటి అడుగుతాను, అప్పుడు మీరు కొత్త బోల్టు వేశారా, పాతదేనా? గాడి ఎంత వెడల్పయిందో కొలిచారా?

ఫ్రీమాంట్_ఎర్రబండి | 7

పాత బోల్టే. గాడిని కొలవలేదు. కంటితో చూస్తే ఒక మిల్లీమీటరు దాకా ఉంటుందనిపించింది. పళ్ల చక్రం కూడా పాతదే వేశాను.

బాలానగర్_లేత్ | 8

అయితే మీది విఫలం కావడానికి కారణం అక్కడే ఉంది. ఆ పదార్థం 0.5 మిల్లీమీటర్ల వరకు ఉన్న ఖాళీని నింపడానికి తయారుచేసింది. ఒక మిల్లీమీటరు ఖాళీలో అది గోడలా నిలబడదు. పైగా సాగిపోయిన పాత బోల్టు సరిగా అదమలేదు, అరిగిన చక్రం రంధ్రం ముక్కు మీద నిటారుగా కూర్చోలేదు. ప్లేనో గారిది పావు మిల్లీమీటరే కాబట్టి బాగుచేయదగిన స్థితిలోనే ఉందని నా నమ్మకం.

ఇంకో మాట. కొందరు గాడిని గ్రైండరుతోనో ఆకురాయితోనో వెడల్పు చేసి లావు కీ వేస్తామంటారు. దయచేసి ఆ పని చేయకండి. మిల్లింగ్ మీద క్రాంక్‌ను నిలబెట్టి కోస్తే తప్ప గాడి కేంద్రానికి సూటిగా రాదు, చేత్తో రాకితే చక్రం వంకరగా కూర్చుని బెల్టు ఒక అంచుకు పాకుతుంది. గాడిని వెల్డింగుతో నింపి మళ్లీ కోయించడం మంచి పద్ధతే, కానీ అందుకు క్రాంక్ బయటికి రావాలి.

ప్లేనో_గరాజ్ | 9

పిస్టన్ మొద్దుతో కొలిచాను. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకే చోటు వచ్చింది. పుల్లీ మీది సున్నా గుర్తుకు, అసలైన పైస్థానానికి మధ్య ఇంచుమించు 5 డిగ్రీల తేడా ఉంది. అంటే లైటు 10 చూపుతున్నప్పుడు ఇంజను నిజానికి 5 డిగ్రీల దగ్గరే మండుతోంది. రబ్బరు జారిందని తేలిపోయింది. ఆరు నెలలు నేను అబద్ధం చెబుతున్న గుర్తును నమ్మి సెన్సరు తిప్పుతూ వచ్చాను. బండి లాగకపోవడానికి నా చెయ్యే సగం కారణమని తెలిశాక మనసుకు చాలా కష్టమనిపించింది.

ఇంజను మార్పు గురించి బాగా ఆలోచించాను. కొలత పావు మిల్లీమీటరు దగ్గర ఉన్నంతవరకు ఈ క్రాంక్‌నే నిలబెట్టాలని నిర్ణయించుకున్నాను. కొత్త బోల్టు, కొత్త కీ, కొత్త పళ్ల చక్రం, కొత్త పుల్లీ, లోక్‌టైట్ 660 తెప్పిస్తున్నాను. పని వరుస చెప్పగలరా?

డెట్రాయిట్_పానా | 10

మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది. లారీ ఇంజను దించేటప్పుడు ఆయన ఒక మాట పదే పదే అనేవారు: మళ్లీ విప్పలేని చోట చేయి పెట్టేముందు దాని వెనకాల ఉన్నవన్నీ కొత్తవి చేసుకో అని. ఇక్కడ అది అక్షరాలా వర్తిస్తుంది. 660 ఒకసారి గట్టిపడితే ఆ పళ్ల చక్రం బాగా వేడి చేస్తే తప్ప ఊడదు. దాని వెనకాల క్రాంక్ ముందు ఆయిల్ సీలు ఉంది. కాబట్టి సీలును ఇప్పుడే, చక్రం ఎక్కించకముందే మార్చండి. సీలు గట్టు ముఖంతో సమానంగా కూర్చోవాలి, లోపలికి మరీ దిగిపోకూడదు.

ముక్కును, గాడిని, కొత్త చక్రం రంధ్రాన్ని బ్రేక్ క్లీనరుతో కడిగి, నూనె జాడ లేకుండా తుడవండి. పని మొత్తంలో అతి ముఖ్యమైన భాగం ఇదే, తెల్లగుడ్డతో రుద్దితే గుడ్డ తెల్లగానే రావాలి. మందు పెట్టకుండా ఒకసారి అన్నీ అమర్చి చూసుకోండి. గాడికి రెండు గోడల్లో ఒకటే ఎక్కువగా అరిగి ఉంటుంది. కీని అరగని గోడకు ఆనించి కూర్చోబెడితే కోణం కంపెనీ ఇచ్చినట్టే ఉంటుంది, ఖాళీ అంతా ఒకవైపే మిగిలి మందుతో నిండుతుంది. తర్వాత గాడిలో, ముక్కు చుట్టూ, రంధ్రం లోపల 660 పూసి, ఆలస్యం చేయకుండా చక్రాన్ని, బాస్‌ను ఎక్కించి కొత్త బోల్టును బిగించండి. సీలు పెదవి వైపు మందు పాకకుండా మిగిలింది వెంటనే తుడిచేయండి. ఆపైన 24 గంటలు దాన్ని ముట్టుకోవద్దు.

బిగించేటప్పుడు క్రాంక్ తిరగకుండా ఐదో గేరులో పెట్టి, ఒకరిని బ్రేకు పెడలు మీద గట్టిగా నొక్కి ఉంచమనండి. ఇంపాక్ట్ గన్ విప్పడానికి వాడుకోవచ్చు, బిగించడానికి మాత్రం టార్క్ రెంచి ఒక్కటే వాడాలి.

బెల్టు ఎక్కించేటప్పుడు క్యామ్ చక్రాల మీది ఐ, ఈ గుర్తులు పైకి ఉండాలి, ఆ రెండు గుర్తుల మధ్య బెల్టు పళ్లు 19 రావాలి. టెన్షనరు, ఐడ్లరు, నీళ్ల పంపు, క్యామ్ సీళ్లు కూడా మార్చండి. ఇంజను తల (సిలిండరు హెడ్) వెనకాల ఫైర్‌వాల్ పక్కనున్న క్యామ్ సెన్సరు ఓ-రింగు ఈ కార్లన్నిటిలో నూనె కారుస్తుంది, దాన్ని కూడా ఇప్పుడే వేయండి. అన్నీ అయ్యాక క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడండి. ఈ ఇంజనులో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్‌కు తగలవు. అదొక్కటీ మనకు ధైర్యం.

అట్లాంటా_కొత్తచేయి | 11

నేను మియాటా కొనాలనుకుంటున్నాను, అందుకే ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. ప్లేనో గారు టర్బో కూడా పెట్టాలని రాశారు కదా. ఈ మరమ్మతు చేసిన క్రాంక్ మీద టర్బో నిలుస్తుందా? 116 గుర్రాల శక్తి ఈ రోజుల్లో చాలా తక్కువ కదా అన్న సందేహం నాకు కూడా ఉంది.

ఫ్రీమాంట్_ఎర్రబండి | 12

ఈ విషయంలో నేను, డెట్రాయిట్ గారు ఒకే మాట మీద ఉంటామనుకుంటున్నాను. సూపర్‌చార్జరు అయితే అసలు వద్దు. దాన్ని తిప్పే బెల్టు క్రాంక్ ముక్కును నేరుగా పక్కకు లాగుతుంది, మందుతో నింపిన గాడి మీద ఆ బరువు పెట్టడం తప్పు. టర్బో ముక్కును లాగదు కానీ దాని కథ వేరే చోట మొదలవుతుంది. 1990 నుంచి 1993 వరకు వచ్చిన 1.6 కార్లలో వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్ చిన్నది, శక్తి పెరిగితే ముందు విరిగేది అదే. 1994లో 1.8 లీటర్ల ఇంజనుతో పాటు పెద్ద డిఫరెన్షియల్ వచ్చింది. కాబట్టి టర్బో అంటే టర్బో ఒక్కటే కాదు, డిఫరెన్షియల్, క్లచ్, ఇంజెక్టర్లు, ఇంజను కంప్యూటరు, చల్లదనం అన్నీ కలిపిన ఖర్చు.

చల్లదనం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఈ ఇంజను కుటుంబం మొదట ముందు చక్రాలు తిప్పే కార్లలో అడ్డంగా కూర్చోవడానికి తయారయింది. మియాటాలో దాన్ని నిలువుగా పెట్టినప్పుడు నీళ్లు బయటికి పోయే దారి కూడా ముందువైపుకే వచ్చింది. నీళ్లు లోపలికి వచ్చేదీ ముందే, పోయేదీ ముందే కావడంతో వెనకనున్న నాలుగో సిలిండరు దగ్గర ప్రవాహం తక్కువ. మామూలు వాడకంలో ఇబ్బంది లేదు. టెక్సాస్ ఎండలో టర్బోతో ట్రాక్ మీద తిప్పితే ఉంటుంది. అందుకే ఆ పని చేసేవాళ్లు నీళ్ల దారిని తల వెనక నుంచి మళ్లిస్తారు.

116 గుర్రాలు తక్కువ అన్న మాటకు నా జవాబు ఒకటే. కారు బరువు వెయ్యి కిలోలకు లోపే. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉంది. కొత్త బుష్షులు, మంచి షాకులు, 14 అంగుళాల చక్రాలకు మంచి టైర్లు, సరైన అలైన్‌మెంట్ ఉన్న కారును ఒక్కసారి ఘాట్ రోడ్డు మలుపుల్లో నడిపి చూడండి, ఆ తర్వాత శక్తి గురించి మాట్లాడుకుందాం.

బాలానగర్_లేత్ | 13

హైదరాబాద్ నుంచి చదివేవాళ్ల కోసం ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, మన దగ్గర కంపెనీ ఇచ్చిన మౌలిక నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. అరిగిన భాగం స్థానంలో అదే రకం భాగం వేయడం మరమ్మతు, దానికి అడ్డు లేదు. ఈ చర్చలో ఉన్న టర్బో లాంటివాటిని చూసి ఇక్కడ ఎవరూ తొందరపడవద్దని మనవి.

డెట్రాయిట్_పానా | 14

ప్లేనో గారూ, ఒక విషయం ముందే అడగవలసింది. కారు దేని మీద నిలబడి ఉంది? ముందు క్రాస్‌మెంబరు నడుమ జాక్ పెట్టి లేపినా, పడుకునేముందు రెండు స్టాండ్లు ఉండాలి, వెనక చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు ఉండాలి. బోల్టు బిగించేటప్పుడు 85 పౌండ్-అడుగుల బలం కారును పక్కకు తోస్తుంది. పని మొదలుపెట్టేముందు కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. చక్రాలు తీసి పక్కన పెట్టి ఉంటే వాటిని తలుపు కింద గడప పట్టీల కిందకు తోసి ఉంచండి, స్టాండు జారినా కారు మనిషి మీదకు రాదు. మా షెడ్డులో ఒకసారి జాక్ ఒక్కదాన్నే నమ్మినప్పుడు ఏమయిందో నేను చిన్నప్పుడు చూశాను. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయలేను.

ప్లేనో_గరాజ్ | 15

స్టాండ్లు ఉన్నాయి, చక్రాలు కిందకు తోశాను, దిమ్మలు పెట్టాను. మీరు అడిగాక మళ్లీ ఊపి చూశాను.

శనివారం పని పూర్తయింది. చిన్న చిన్నవి చెప్పను, ముఖ్యమైనవి రాస్తాను. కొత్త చక్రం ఎక్కించి చూస్తే ఖాళీ ఇంకాస్త తగ్గింది. పాత చక్రంలోనూ అరుగుదల ఉందన్నమాట. గాడిలో కుడిగోడ అరిగి ఉంది, ఎడమగోడ గీతలు లేకుండా ఉంది. కీని ఎడమగోడకు ఆనించాను. తెల్లగుడ్డ నాలుగోసారికి గానీ తెల్లగా రాలేదు. సీలు ముందే మార్చాను, దాని వెనక నూనె గూడు కట్టి ఉంది.

బిగించేటప్పుడు మా అమ్మాయి డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకుంది. పద్నాలుగేళ్లది. మూడుసార్లు అడిగింది, నాన్నా ఇంకా ఎంతసేపు అని. 85 దగ్గర రెంచి టిక్కుమన్నప్పుడు ఆ శబ్దం తనకు కూడా వినిపించి, కాలు తీయవచ్చా అని అడిగింది. తర్వాత బోల్టు తలకు, పుల్లీకి కలిపి తెల్లరంగుతో ఒక గీత గీశాను, గీసింది మా అమ్మాయే. బోల్టు ఏమాత్రం తిరిగినా ఆ గీత విడిపోతుంది.

సరిగ్గా 24 గంటలు ఆగి బెల్టు ఎక్కించాను. 19 పళ్లు లెక్కపెట్టాను. రెండు చుట్లు తిప్పితే గుర్తులు కలిశాయి. పిస్టన్ మొద్దుతో మళ్లీ కొలిస్తే కొత్త పుల్లీ సున్నా గుర్తు అసలైన పైస్థానంతో కలిసింది.

ఇంజను వేడెక్కాక డయాగ్నస్టిక్ పెట్టెలో టెన్, గ్రౌండు టెర్మినళ్లను తీగతో కలిపి లైటు పెట్టాను. గుర్తు 10 దగ్గర కదలకుండా నిలబడింది, 850 చుట్ల ఐడిల్‌లోనూ కదలలేదు. ఇన్నాళ్లూ ఆ గుర్తు వణకడం మామూలే అనుకున్నాను.

అట్లాంటా_కొత్తచేయి | 16

ఆ తీగ ఎందుకు కలపాలి? నేరుగా లైటు పెడితే కాదా?

డెట్రాయిట్_పానా | 17

ఆ రెండు టెర్మినళ్లు కలపకపోతే కంప్యూటరు ఐడిల్ సమంగా ఉంచడానికి టైమింగును తనంతట తాను ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉంటుంది, మీరు చూసేది అది జరిపిన అంకె అవుతుంది. కలిపితే కంప్యూటరు చేయి తీసేస్తుంది, అసలు అమరిక కనిపిస్తుంది. సరిచేశాక ఆ తీగ తీయడం మరిచిపోవద్దు. కొందరు దీన్ని 14 డిగ్రీలకు పెంచుకుంటారు, బండి కింద నుంచి కొంచెం బాగా లాగుతుంది, కానీ అప్పుడు 91 ఆక్టేన్ పెట్రోలు పోయాలి, వేసవిలో ఇంజను కొట్టుకునే శబ్దం వస్తుందేమో చెవి పెట్టి వినాలి. ప్లేనో గారికి మాత్రం కొన్ని నెలల పాటు 10 దగ్గరే ఉంచమని చెబుతాను. ఒకసారికి ఒక్క మార్పే చేస్తే, ఏది మారినా కారణం ఏమిటో తెలుస్తుంది.

ఫ్రీమాంట్_ఎర్రబండి | 18

ప్లేనో గారూ, నేను ఇంజను తీసేయమని చెప్పాను, మీరు కొలిచి, వరుసగా చేసి చూపించారు. నా పాత ఇంజను ఇంకా షెడ్డులోనే ఉంది. ఈ వారాంతంలో దాని గాడిని ఫీలర్ గేజ్‌తో కొలిచి ఇక్కడ రాస్తాను. అప్పట్లో అదే చేసి ఉంటే నాకు రెండేళ్ల ఆందోళన తప్పేది.

ప్లేనో_గరాజ్ | 19

టర్బో భాగాలు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి, వాటిని తిప్పి పంపుతున్నాను. ఆ డబ్బుతో ముందు బుష్షులు, తర్వాత 1994 తర్వాతి 1.8 కారు నుంచి ముందు బ్రేకు డిస్కులు, బ్రాకెట్లు తెచ్చుకుంటాను. 235 మిల్లీమీటర్ల డిస్కు స్థానంలో 255 మిల్లీమీటర్లది వస్తుంది, 14 అంగుళాల చక్రంలో ఇముడుతుంది. టెక్సాస్‌లో 2025 నుంచి సొంత కార్లకు భద్రతా తనిఖీ తీసేశారు, 24 ఏళ్లు దాటిన కారు కాబట్టి పొగ పరీక్ష కూడా లేదు. నా కారును చూసేవాడు ఇక నేనొక్కడినే కావడం వల్ల బ్రేకులకే పెద్దపీట వేయాలనిపించింది.

ఇంకో చిన్న ప్రశ్న. సీట్ల వెనక టాప్ కింద కార్పెట్టు తడిగా ఉంది. వర్షం నీళ్ల గొట్టాలు మూసుకుపోయాయేమో?

డెట్రాయిట్_పానా | 20

అవే. రెండు వైపులా టాప్ మడతల అడుగున ఉంటాయి. గడ్డి కోసే యంత్రంలో వాడే ప్లాస్టిక్ తాడు ముక్క పై నుంచి నెమ్మదిగా దూర్చండి, ఇనుప తీగ పెడితే గొట్టం చిరుగుతుంది. నీళ్లు పోస్తే వెనక చక్రాల ముందు కింద నుంచి కారాలి. అవి మూసుకుపోతే నీళ్లు గడప పట్టీల్లోకి దిగి లోపలి నుంచి తుప్పు పడుతుంది, పైకి బుడగలు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. బ్రేకుల కంటే ముందు ఇది చేయండి.

ప్లేనో_గరాజ్ | 21

ఎడమ గొట్టంలో నుంచి పైన్ ఆకులు గుప్పెడు వచ్చాయి, ఇప్పుడు రెండు వైపులా నీళ్లు ధారగా పోతున్నాయి. గడప పట్టీలు తట్టి చూశాను, శబ్దం గట్టిగానే ఉంది.

క్రాంక్ సంగతి. పని అయ్యాక 1,200 మైళ్లు నడిపాను, అందులో ఒకసారి ఆస్టిన్ దాకా వెళ్లి వచ్చాను. నిన్న రాత్రి ఇంజను చల్లారాక అద్దం, టార్చిలైటు పెట్టి మా అమ్మాయి గీసిన గీత చూశాను. బోల్టు మీది తెలుపు, పుల్లీ మీది తెలుపు ఒకే గీతగా ఉన్నాయి. 3,000 మైళ్ల దగ్గర మళ్లీ చూసి ఇక్కడే రాస్తాను.

ఫ్రీమాంట్_ఎర్రబండి | 22

నా పాత క్రాంక్ కొలిచాను. గాడిలో 0.9 మిల్లీమీటర్లు.